ఆరో ప్లాట్‌ఫాం ఆఖరి వేసవి

ఆ బ్యాండు విడిపోతోందన్న సంగతి నాకంటే ముందు నీహారికకి తెలిసింది. అన్నీ అయిపోయిన ఇన్నాళ్ళకి కూడా, పోయిన ఎండాకాలం గురించి తల్చుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

ఏప్రిల్ మూడోవారం. రెడ్డిగూడెం దగ్గర మా తోటలో బంగినపల్లి కోత జరుగుతోంది. కూలీలు కర్రలకి కట్టిన వల చిక్కాలతో కాయ దింపి తెస్తుంటే, షెడ్డు కింద నేనూ, మా తోడికోడలు నీహారికా ముచ్చికలు విరిచి, సొన కారిపోయేదాకా కాయల్ని బోర్లించి, ఆరాక ట్రేలల్లో సర్దుతున్నాం. పిల్లలు సెలవులకి మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళారు. ఇద్దరికీ తీరిక దొరికింది.

"అక్కా," అంది నీహారిక తల ఎత్తకుండానే. "ఆరో ప్లాట్‌ఫాం వాళ్ళు విడిపోతున్నారు."

నేను నవ్వాను. "ఎవరన్నారు నీకు?"

"ఇవాళ చెప్తారు. సాయంత్రంలోపే."

చేతులకి సొన అంటుకుని ఉంది. గుడ్డతో తుడుచుకుని ఫోను తీసి చూశాను. వాళ్ళ పేజీలో రెండు వారాల కిందట పెట్టిన ఫొటోనే ఉంది. కొత్తగా ఏమీ లేదు.

"ఏం లేదే ఇక్కడ."

"వస్తుందిలే అక్కా," అంది. ఆ గొంతులో జాలి ఉంది. ఒంట్లో బాగోలేని మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

నాలుగున్నరకి వచ్చింది. తెల్లటి కాగితం మీద నాలుగు ముక్కలు. పదిహేడేళ్ళు కలిసి పాడాం, ఇక ఆరో ప్లాట్‌ఫాం ఉండదు, జూన్ పద్నాలుగున విజయవాడలో ఒకే ఒక్క ఆఖరి షో, మమ్మల్ని విన్న అందరికీ నమస్కారం. కింద నలుగురి సంతకాలూ ఉన్నాయి. పాడే ప్రేమ్ కిరణ్ సంతకం ఒక మూల, గిటారు వాయించే దేవానందం సంతకం ఇంకో మూల.

నేను ట్రే పక్కన కూర్చుండిపోయాను. బాధగా ఉంది, కాదనను. కానీ ఆ బాధ కింద ఇంకోటి కదులుతోంది. ఈ పిల్లకి ఎలా తెలిసింది?

ఆ బ్యాండు నాది. ఇలా అనడం సిగ్గుగానే ఉంది గానీ, పదిహేడేళ్ళూ నేను అలాగే అనుకున్నాను. రెండువేల ఎనిమిదిలో విజయవాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, ఓ ఇంజనీరింగు కాలేజీ ఆవరణలో వాళ్ళు మొదటిసారి పాడారు. జనం ముప్పైమంది కూడా లేరు. మధ్యలో కరెంటు పోతే ప్రేమ్ కిరణ్ మైకు పక్కన పెట్టి, ఒట్టి గొంతుతో పాట పూర్తిచేశాడు. హాస్టలుకి ఆలస్యంగా వచ్చినందుకు వార్డెను నన్ను బయట నిలబెట్టింది. నిలబడి ఆ పాటే పాడుకున్నాను. పెళ్ళయి తిరువూరు వచ్చేటప్పుడు చీరల మధ్య వాళ్ళ మొదటి సీడీ పెట్టుకుని తెచ్చుకున్నాను. ఈ ఇంట్లో దాన్ని వినేవాళ్ళు లేరు. మా ఆయన అంకారావుకి ఎరువుల కొట్టు, తోట, రాత్రి తొమ్మిదింటికి వార్తలు. మా అత్తగారు సామ్రాజ్యం గారు ఒకసారి విని, "ఆ అబ్బాయికి దగ్గా అమ్మాయ్?" అన్నారు. ఎనిమిదేళ్ళు నేనొక్కదాన్నే విన్నాను.

తర్వాత మా మరిది మణికంఠకి పెళ్ళయి నీహారిక వచ్చింది. నూజివీడు పిల్ల, నాకన్నా పదేళ్ళు చిన్నది. ఓ మధ్యాహ్నం బియ్యం ఏరుతూ "ఏంటక్కా ఎప్పుడూ వింటుంటావు?" అంటే వినిపించాను. ఊరికే వినిపించలేదు. పరీక్షకి చదివించినట్టు వరసగా వినిపించాను. ముందు ఈ పాట వినాలి, ఆ తర్వాత ఇది, దీన్ని వర్షంలో వినాలి, ఇందులో రెండో చరణం దగ్గర ఊపిరి పీల్చే చప్పుడు వినపడుతుంది చూడు అని. తను శ్రద్ధగా విన్నది. నాకెంత ఆనందమేసిందో చెప్పలేను. ఇంట్లో ఒక గది కొత్తగా కట్టుకున్నట్టుండేది. నాకు ప్రేమ్ కిరణ్ గొంతు ప్రాణం. తను మాత్రం "ఎవరు రాశారక్కా ఇది?" అని అడిగేది. రాసేది గిటారు వాయించే దేవానందం అని చెప్పేదాన్ని. అంతకుమించి ఆ తేడాని నేను పట్టించుకోలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చాక మా ఆయనతో చెప్పాను.

"అయితే ఏంటి? పాటలున్నాయిగా ఫోన్లో," అన్నాడు.

"ఎవరు పోయారు?" అని అడిగారు అత్తగారు లోపల్నించి.

"ఎవరూ పోలేదు అత్తయ్యా."

నిజమే, ఎవరూ పోలేదు. అదే కష్టం. మనిషి పోతే నలుగురూ వస్తారు, పలకరిస్తారు. వీళ్ళు నలుగురూ బతికే ఉన్నారు, ఎవరిళ్ళల్లో వాళ్ళు భోంచేస్తున్నారు. ఇక కలిసి పాడరంతే. దానికి ముప్పై ఆరేళ్ళ ఆడది వంటింట్లో కళ్ళు తుడుచుకుంటే ఏమని చెప్పుకుంటుంది? ఫోన్లో చూస్తే జనం అప్పుడే రెండు జట్లయ్యారు. ప్రేమ్ కిరణ్ సినిమాలకి పాడటం మొదలుపెట్టి మిగతావాళ్ళని వదిలేశాడని కొందరు, దేవానందానికి పేరు రాలేదన్న కుళ్ళని కొందరు. నేను రెండోవైపు చేరాను. రాసినవాడికి అంత పట్టింపు దేనికి, పాడకపోతే కాగితం మీదే ఉండేవిగా ఆ మాటలు, అని ఓ వ్యాఖ్య కూడా పెట్టాను. పదకొండు మంది మెచ్చుకున్నారు.

తర్వాతి శనివారం అత్తగారు నెమలి ఊరి గుడికి వెళ్దామన్నారు. వేణుగోపాలస్వామి దర్శనానికి ఆవిడ లైనులో నిలబడితే, మేమిద్దరం చెప్పుల దగ్గర నీడలో కూర్చున్నాం. అప్పుడడిగాను.

"నీకెలా తెలిసింది నీహా?"

తను కాసేపు కొంగు అంచు సరిచేసుకుంది. "దేవానందం గారు చెప్పారక్కా."

"నీకా?"

"మెయిల్ రాస్తుంటాను అప్పుడప్పుడు. రెండేళ్ళ నుంచి. ఏడాదికి అయిదారు. పాటల్లో మాటల గురించే. మొదట్లో ఒకచోట మాట తప్పుపడిందని రాశాను, కోపమొస్తుందేమో అనుకున్నాను. ఆయన జవాబిచ్చారు, నిజమే అని."

"నేను తొమ్మిదిసార్లు రాశాను," అన్నాను. "ఇన్నేళ్ళలో."

"బ్యాండు పేజీకి రాసుంటావక్కా. అది వాళ్ళు చూడరంట."

అంత మామూలుగా అంది. తర్వాత ఇంకా మెల్లగా, దాచుకోలేనట్టు చెప్పింది. "మూడో ఆల్బంలో కాయ పాట ఉంది కదా. అందులో ఒక లైను నాది."

ఏ లైనో అడగక్కర్లేదు. *తెంపినప్పుడు ఏడ్చేది కాయే, కొమ్మ కాదు.* ఆ పాట వచ్చిన కొత్తలో నేను ఆ లైను దగ్గర ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపి, నీహారికకి అరగంట అర్థం చెప్పాను. ఊరొదిలిన వాళ్ళ గురించి అది, విజయవాడలో పుట్టి పెరిగినవాడికి ముచ్చిక దగ్గర సొన కారే సంగతి ఎలా తెలిసిందో చూడు, అదీ కవి అంటే, అన్నాను. తను బీరకాయ చెక్కు తీస్తూ విన్నది. "అవునక్కా" అని కూడా అన్నట్టు గుర్తు.

"మరి ఆ రోజు చెప్పలేదే?"

"నువ్వంత బాగా చెప్తుంటే మధ్యలో ఎలా చెప్పను? ఆ తర్వాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు." నా చెయ్యి పట్టుకుంది. "ఆఖరి షోకి రెండు పాసులు పంపుతామన్నారు. మనిద్దరికీ. ముందు వరసలో."

అత్తగారు ప్రసాదం పట్టుకుని వస్తున్నారు. నేను లేచి ఆవిడ చెప్పులు వెతికాను.

ఆ తర్వాత పదిరోజులు నేను ఎలా ఉన్నానో నాకే అసహ్యం. తను ఫోను చూసుకుంటే చూసేదాన్ని. నవ్వుకుంటే ఎందుకా అనుకునేదాన్ని. తను చేసిన పులుసులో ఉప్పు తక్కువైందన్నాను, నిజానికి సరిపోయింది. పదిహేడేళ్ళ నా అభిమానం నన్ను ముందు వరసకి తీసుకెళ్ళలేదు. నిన్న మొన్న నేను చెయ్యి పట్టుకుని నేర్పిన పిల్ల తీసుకెళ్తోంది, నేను తన వెనకాల వెళ్ళాలి. తన పక్కన కూర్చోవాలి. ఎవరైనా అడిగితే నీహారిక వాళ్ళ అక్కనని చెప్పుకోవాలి.

కాయ పాట వినడం మానేద్దామని చూశాను. ఒకరోజు మానేశాను. ఆ పాట నాకు నచ్చడం మాత్రం తగ్గలేదు. ఆ లైను వచ్చేసరికి ఎప్పటిలాగే చేతిలో పని ఆపి వినేదాన్ని, ఆ వెంటనే ఎవరిదో గుర్తొచ్చేది. చెత్తగా రాసి ఉంటే ఎంత బాగుండును! అయిదేళ్ళు ఒకే వంటింట్లో నా పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరిగిన మనిషికి ఆ మాట తట్టింది. అవే కాయలు, అదే సొన, నా చేతులకీ మచ్చలున్నాయి. నాకెందుకు తట్టలేదు?

మే మొదటి ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. అత్తగారు, మా ఆయన, మణికంఠ, నేను. నీహారిక వడ్డిస్తోంది. వడ్డిస్తూనే, జూన్ పద్నాలుగున అక్కా నేనూ విజయవాడ వెళ్ళొస్తామండీ, పాటల ప్రోగ్రాముంది అని చెప్పింది. చెప్పి పెరుగు తేవడానికి లోపలికెళ్ళింది.

"ఆ బ్యాండేనా?" అన్నాడు మణికంఠ. "ఆఖరి షో అంటున్నారు, టికెట్లు దొరుకుతాయా వదినా?"

నేను ముద్ద కలుపుతున్నాను. "టికెట్లెందుకు? ఆ దేవానందం మన నీహాకి తెలుసుగా. పాసులు పంపుతాడు. రోజూ మాట్లాడుకుంటారు."

రోజూ అన్న మాట నోట్లోంచి వచ్చేదాకా నేనది అంటానని నాకు తెలియదు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఎవరే ఆ దేవానందం?" అన్నారు అత్తగారు.

"గిటారు వాయిస్తాడు అత్తయ్యా."

నీహారిక పెరుగు గిన్నెతో వచ్చింది. గుమ్మంలోనే విన్నదని తెలుస్తూనే ఉంది. ఎవరి వైపూ చూడకుండా, ముందు అత్తగారికి, తర్వాత బావగారికి, తర్వాత మొగుడికి, ఆఖర్న నాకు వడ్డించింది. నా కంచంలో గరిటె తగిలి చప్పుడైంది. మా ఆయన ఆవకాయ అడిగాడు.

కేకలూ ఏడుపులూ ఏమీ కాలేదు. మణికంఠ చెడ్డవాడు కాదు. రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడోరోజు "నీ ఫోను ఒకసారి ఇస్తావా" అని అడిగాడట. తను ఇచ్చేసింది. మెయిళ్ళన్నీ తీసి మరీ చేతిలో పెట్టింది. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న నాకు తర్వాతి మాటలు వినపడ్డాయి.

"చదివావా?"

"చదివాను."

"ఏముంది?"

"ఏం లేదు. పాటల గురించి."

"మరి నీ మొహం ఇంకా అలాగే ఉందేంటి?"

అప్పుడైనా నేను లేచి వెళ్ళి, రోజూ అన్నది నేను కల్పించిన మాట అని చెప్పొచ్చు. చీర అంచులు కలుపుతూ కూర్చున్నాను. అత్తగారు మర్నాడు పూలు కడుతూ, ఎవర్నీ ఉద్దేశించనట్టు, "పెళ్ళయినదానికి పరాయి మగాడితో రోజూ కబుర్లేంటో" అన్నారు. నా మాట ఆవిడ నోట్లో చేరి ఇంటిమాట అయిపోయింది.

నీహారిక నాతో దెబ్బలాడలేదు. "అక్కా, చింతపండు ఎక్కడుంది," "అక్కా, పాలవాడు వచ్చాడు," ఇంతవరకే. పాటలు వినడం మానేసింది. నేను కావాలని వంటింట్లో పాట పెడితే, పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయేది. కలెక్టరు రకం మామిడి కోతకొచ్చినప్పుడు తోటకి రానంది. ఆ షెడ్డు కింద నేనొక్కదాన్నే కూలీలతో సర్దుకున్నాను.

జూన్ పదిన పాసులు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. కొరియర్లో వచ్చాయట. కవరు మీద తన పేరుంది.

"నువ్వు వెళ్ళక్కా."

"నువ్వు లేకుండానా?"

"నాకు వినబుద్ధి కావట్లేదు."

ఇంకొక్కసారి బతిమాలి ఉంటే వచ్చేదేమో. బతిమాలలేదు. పైగా, చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, కొంచెం సంతోషమేసింది.

నాకెవరూ అడ్డు చెప్పలేదు. పెద్దకోడల్ని, ముప్పై ఆరేళ్ళదాన్ని. పద్నాలుగో తారీకు పొద్దున్న బస్సెక్కి విజయవాడలో దిగి, పటమటలో ఉంటున్న నా హాస్టలు స్నేహితురాలింట్లో భోంచేసి, సాయంత్రం అయిదింటికి హాలుకి వెళ్ళాను. ఎనిమిది వందలమంది ఉంటారు. ఆ మొదటి రోజు ముప్పైమందిలో నేనొకదాన్నని ఎవరితోనైనా చెప్పాలని ఎంతో అనిపించింది. నా పక్క కుర్చీ ఖాళీ. ఇద్దరు ముగ్గురు వచ్చి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారని చెప్పాను.

వాళ్ళు బాగా పాడారు. అంత బాగా ఎప్పుడూ పాడలేదేమో. ప్రేమ్ కిరణ్ జుట్టు పల్చబడింది, గొంతు మాత్రం అదే. కానీ ముందు వరసలో కూర్చుంటే వెనకవాళ్ళకి కనపడనివి కనపడతాయి. రెండు గంటల్లో అతనూ దేవానందం ఒక్కసారి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో చూసుకోకుండానే తెలిసిపోతోంది. పదిహేడేళ్ళ అలవాటు. అయిదో పాటలో ప్రేమ్ కిరణ్ ఒక చరణం మర్చిపోయాడు. దేవానందం తల వంచుకుని గిటారు వాయిస్తూనే ఆ చరణం తనే పాడేసి, మళ్ళీ మైకుకి దూరం జరిగాడు. అతని గొంతు బొంగురుగా ఉంది, అందంగా లేదు. ఆ గొంతు ఇన్నేళ్ళలో నేను విన్నది అదే మొదలు. రాసినవాడి గురించి ఫోన్లో నేను పెట్టిన ఆ వ్యాఖ్య గుర్తొచ్చింది.

కాయ పాట చివర్లో వచ్చింది. ఆ లైను దగ్గర ప్రేమ్ కిరణ్ ఆగి, మైకు జనం వైపు తిప్పాడు. హాలంతా పాడింది. ఎనిమిది వందల గొంతులు. వెనకెక్కడో ఓ అమ్మాయి ఏడుస్తూ పాడుతోంది. ఈ మాట ఎక్కడ పుట్టిందో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. అందులో ఒకదాన్ని నేను. ఆ హాల్లో నోరు తెరవనిదాన్ని నేనొక్కదాన్నే.

షో అయ్యాక పాసులున్నవాళ్ళని లోపలికి రానిచ్చారు. దేవానందం వైర్లు చుడుతున్నాడు. పొట్టి మనిషి, చొక్కా తడిసిపోయింది. పదిహేడేళ్ళుగా వాళ్ళతో ఏం మాట్లాడాలో నా దగ్గర ఎన్నో మాటలున్నాయి.

"నమస్కారమండీ. నేను తిరువూరు నుంచి. నీహారిక వాళ్ళ అక్కని."

అతను వైరు కింద పెట్టేశాడు. "సౌజన్య గారా! మీరు ముప్పైమందిలో ఉన్నారట కదా, ఆ కరెంటు పోయిన రోజు. ఆవిడ మొదటి మెయిల్లోనే రాశారు. మిమ్మల్ని ఒకసారి చూడాలని నాకు ఎప్పట్నించో. ఆవిడ రాలేదా?"

"ఒంట్లో బాగోలేదు."

"అయ్యో." నిజంగానే బాధపడ్డాడు. "ఆ లైనుకి ఆవిడ పేరు వేస్తానంటే వద్దన్నారండీ. ముందు మా అక్కకి చెప్పుకోవాలి, తను ఎలా తీసుకుంటుందో అన్నారు. నాకు అర్థం కాలేదు. మీరు సంతోషించరా ఏంటి?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉందో నాకు తెలియదు.

ఎవరో అతన్ని పిలిచారు. వెళ్ళబోతూ ఆగి అన్నాడు. "ఆవిడకొక మాట చెప్పండి. మెయిల్ చేస్తే జవాబు రావట్లేదు. ఇంక నాకు పంపొద్దనండి. తన పేరు పెట్టుకుని తననే రాయమనండి. ఆవిడ నాకన్నా బాగా రాస్తారు."

మర్నాడు పొద్దున్న బస్సులో మైలవరం దాటేదాకా ఆ మాటని వల్లె వేసుకుంటూనే వచ్చాను. ఇంట్లో అడుగు పెట్టగానే చెప్పేద్దామనుకున్నాను. నీహారిక గుమ్మంలో ముగ్గు వేస్తోంది. నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చింది. ఎలా జరిగిందని అడగలేదు. అడగనప్పుడు నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఆ మాట నా దగ్గర ఉన్నంతసేపు తనది కాదు.

అలా పదకొండు రోజులు.

పన్నెండోరోజు పొద్దున్న మణికంఠ మా ఆయన దగ్గరికి వచ్చి, బస్టాండు వెనక రెండు గదుల ఇల్లు చూశామని చెప్పాడు. "తను ఇక్కడ ఉండలేనంటోంది అన్నయ్యా. నన్ను రమ్మని అడగలేదు. నేనే వస్తానన్నాను." మా ఆయన చాలాసేపు తువ్వాలు భుజం మార్చుకుంటూ నిలబడ్డాడు. అత్తగారు పూజగదిలోంచి బయటికి రాలేదు. ఆ ఇంట్లో పొయ్యి రెండవడం అదే మొదలు.

సామానేం పెద్దగా లేదు. పది గంటలకి ట్రాలీ ఆటో వచ్చింది. మంచం, బీరువా, పుస్తకాల పెట్టె ఎక్కించారు. నీహారిక మెట్ల మీద కూర్చుని గిన్నెలకి కాగితాలు చుడుతోంది. మణికంఠ తాడు కడుతున్నాడు. అత్తగారు గడపలో నిలబడ్డారు.

"మణీ," అన్నాను.

"ఏంటొదినా?"

"ఆ రోజు భోజనాల దగ్గర నేను రోజూ మాట్లాడుకుంటారన్నాను. అది అబద్ధం. ఏడాదికి అయిదారు మెయిళ్ళని తను నాకు ముందే చెప్పింది. తెలిసే అన్నాను."

తాడు అతని చేతిలో వదులైంది. అత్తగారు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. "అప్పుడు చెప్పాల్సిందమ్మాయ్ ఇది," అన్నారు. అని, మొదటిసారి చిన్నకోడలి పక్కన మెట్టు మీద కూర్చుని, ఒక గిన్నె తీసుకుని కాగితం చుట్టడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలకి ఏమనుకున్నారో లేచి, వాళ్ళకి దారిలో తినడానికి ఏమైనా పెడతానంటూ లోపలికి వెళ్ళారు. బస్టాండు వెనక్కి ఎంతో దూరం లేదు.

నేను ఆవిడ వదిలిన చోట కూర్చున్నాను.

"నాకు తెలుసక్కా," అంది నీహారిక. "నువ్వు కావాలనే అన్నావని ఆ రోజే తెలుసు. ఎప్పుడు చెప్తావా అని చూశాను." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నెమలిలో నేను చెప్పినప్పుడే నీ మొహం చూశాను. నేనూ మంచిదాన్నేం కాదులే. రెండేళ్ళు దాచుకున్నాను. నీకు తెలియనిది ఒకటి నా దగ్గరుందంటే బాగుండేది."

మేమిద్దరం మిగిలిన గిన్నెలకి కాగితాలు చుట్టాం.

"షో ఎలా జరిగింది?" అని అడిగింది అప్పుడు.

చెప్పాను. ప్రేమ్ కిరణ్ చరణం మర్చిపోవడం, దేవానందం బొంగురు గొంతు, కాయ పాట, ఎనిమిది వందలమంది. వెనక ఏడ్చిన అమ్మాయి గురించి చెప్తుంటే తన చేతిలో గిన్నె ఆగిపోయింది.

"అందరూ పాడారా?"

"అందరూ," అన్నాను. తర్వాత, "నేను పాడలేదు," అన్నాను.

తను నా వైపు చూసింది. ఒకటే క్షణం. నవ్వబోయిందో ఏడవబోయిందో తెలియలేదు.

"దేవానందం నీకొక మాట చెప్పమన్నాడు. తనకి పంపొద్దన్నాడు. నీ పేరు పెట్టుకుని నువ్వే రాయమన్నాడు."

నీహారిక గిన్నె కింద పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆటోవాడు హారను కొట్టాడు, మణికంఠ వాడిని ఆగమన్నాడు.

"ఇంకోసారి చెప్పక్కా."

అంత మెల్లగా అడిగింది. అయిదేళ్ళ కిందట, ఇదే పిల్ల నా పక్కన కూర్చుని, పాట అయిపోగానే అచ్చం ఇలాగే అడిగేది. నా లోపల ఆ పాత మంట ఇంకా ఉంది. ఈరోజుకీ ఉంది. తన పేరుతో మొన్న మొదటి పాట వచ్చినప్పుడు కూడా భగ్గుమంది. కానీ అడిగింది కాబట్టి చెప్పాను.

"తనకి పంపొద్దన్నాడు. నీ పేరు పెట్టుకుని నువ్వే రాయమన్నాడు." మొదటిసారి నేను మింగేసింది గొంతు దగ్గరే ఉంది. "ఆవిడ నాకన్నా బాగా రాస్తారు, అన్నాడు."